నెత్తికి నీలి సీరమ్: కాపర్ పెప్టైడ్‌కి ఎక్కడ చోటివ్వాలి?

(రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని రాసిన పాఠం. మాట్లాడినవారు చర్మవ్యాధుల వైద్యురాలు. తడబాట్లు మాత్రం తీసేశాం. చివర్లో సభలోంచి వచ్చిన ప్రశ్నలు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. వెనక వరసలకి వినిపిస్తోందా? సరే.

మీలో ఎంతమంది ఇళ్లలో నీలం రంగు సీరమ్ సీసా ఉంది? చేతులెత్తక్కర్లేదులెండి. అడగ్గానే కొందరు పక్కకి చూశారు, నాకు జవాబు దొరికింది.

ఈ మధ్య నా దగ్గరికొచ్చేవాళ్లు జుట్టు రాలుతోందని మొదలుపెట్టడం తగ్గింది. "డాక్టర్ గారూ, కాపర్ పెప్టైడ్ వాడుతున్నాను, దానికి తోడు ఇంకేం వాడమంటారు?" అంటున్నారు. దానికి తోడు ఏమిటి అని! నేను తిరిగి అడుగుతాను: అసలు అది దేనికి తోడు? ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే. కాపర్ పెప్టైడ్ తోడుపెళ్లికొడుకు. వెంట ఉంటే ఉండనివ్వండి, అభ్యంతరం లేదు. పీటల మీద కూర్చోబెడితేనే చిక్కు. ఎందుకు చిక్కో చెబుతాను. వాడాలనుకుంటే ఎలా వాడాలో కూడా చెబుతాను. వద్దని చెప్పడానికి రాలేదు, భయపడకండి.

ముందు ఇదేమిటో చూద్దాం. అమైనో ఆమ్లాలు కొన్ని వరసగా అతుక్కుంటే పెప్టైడ్. వందలకొద్దీ అతుక్కుంటే ప్రోటీన్. మనం మాట్లాడుకుంటున్న దాంట్లో మూడే ఉన్నాయి: గ్లైసిన్, హిస్టిడిన్, లైసిన్. పొట్టిగా జీహెచ్‌కే అంటారు. ఈ చిన్న ముక్కకి రాగి అంటే మహా ఇష్టం. రాగి అయాన్ కనిపిస్తే పట్టేసుకుంటుంది. పట్టుకున్నాక నీలంగా మారుతుంది. మీ సీసాలో నీలం సాధారణంగా అక్కణ్ణించి వచ్చిందే.

1973లో లోరెన్ పికార్ట్ అనే అమెరికన్ పరిశోధకుడు దీన్ని మనిషి రక్తపు ప్లాస్మాలో గుర్తించారు. ఆయన జుట్టు కోసం వెతకలేదు. వయసు మళ్లినవాళ్ల కాలేయ కణజాలాన్ని వయసులో ఉన్నవాళ్ల ప్లాస్మాలో ఉంచితే, అది కుర్ర కాలేయంలాగా ప్రోటీన్లు తయారుచెయ్యడం చూశారు. ఆ ప్లాస్మాలో ఏముందబ్బా అని వెతికితే ఈ పెప్టైడ్ బయటపడింది. 20 ఏళ్ల వయసులో మిల్లీలీటరు ప్లాస్మాలో దాదాపు 200 నానోగ్రాములు ఉంటుందని, 60 ఏళ్లు వచ్చేసరికి 80కి పడిపోతుందని ఆయన చెప్పిన లెక్క.

ఈ రెండు అంకెలూ మీరు ఎక్కడో చదివే ఉంటారు. సీసా అమ్మేవాళ్లకి ఇవి చాలా ఇష్టం. 200 నుంచి 80కి పడింది, అందుకే జుట్టు పల్చబడింది, మళ్లీ పొయ్యండి, మళ్లీ ఒత్తవుతుంది. వినడానికి బాగుంది కదా? వయసుతో తగ్గేవి ఒంట్లో సవాలక్ష ఉంటాయి. తగ్గినదల్లా కారణం అవుతుందా? పైగా 20 ఏళ్లకే నుదుటి దగ్గర జుట్టు వెనక్కి పోతున్న కుర్రాళ్లు నా దగ్గరికి వస్తారు. ఆ లెక్క ప్రకారం వాళ్లకి అది పుష్కలంగా ఉండే వయసు. మరి వాళ్లకెందుకు రాలుతోంది?

ఆ ప్రశ్న అలా ఉంచండి, మళ్లీ వస్తాను. ముందు జుట్టుకీ దీనికీ లంకె ఎలా కుదిరిందో చెబుతాను. పికార్ట్ తర్వాత చాలామంది దీన్ని గాయాలు మానడం కోసం పరిశీలించారు. చర్మంలో కొల్లాజెన్ తయారుచేసే కణాలని ఇది ఉత్తేజపరుస్తుందని 1988లో ఫ్రాన్స్ పరిశోధకులు చూపించారు. జంతువుల మీద ప్రయోగాల్లో, ఇది పడిన చోట వెంట్రుకలు కూడా బాగా పెరుగుతున్నట్టు కనిపించింది. 1993లో ఎలుకల మీద ఇలాంటి రాగి పెప్టైడ్లు వాడి, కుదుళ్లు పెద్దవవుతున్నాయని రాశారు. ఎలుకలకి బట్టతల మందు దొరికి చాలా కాలమైంది, మనకే ఇంకా దొరకలేదు. నవ్వకండి, ఈ రంగంలో అది నిజం.

2007లో కొరియాలో ఒక పని జరిగింది. నాకు నచ్చిన పని, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. వాళ్లు వాడింది జీహెచ్‌కే కాదు, దాని తమ్ముడు ఏహెచ్‌కే. గ్లైసిన్ బదులు అలనిన్ ఉంటుంది, రాగి మామూలే. మనుషుల నెత్తి నుంచి తీసిన కుదుళ్లని ప్రయోగశాలలో గిన్నెలో బతికించి, ఆ ద్రవంలో ఈ పెప్టైడ్ కలిపారు. కుదుళ్లు పొడవు పెరిగాయి. కుదురు అడుగున పాపిల్లా అని ఒక కణాల గుత్తి ఉంటుంది, వెంట్రుక ఎంత లావుగా రావాలో, ఎంతకాలం పెరగాలో చెప్పేది అదే. ఆ కణాలు కూడా వృద్ధి చెందాయి, చావు తగ్గింది. ఇదంతా అతి స్వల్పమైన మోతాదులో, మోలార్‌లో (ద్రవం గాఢతకి అదొక కొలత) వంద కోట్లో వంతు, ఇంకా తక్కువ. ఈ మాట గుర్తుపెట్టుకోండి. ఎక్కువ శాతం ఉన్న సీసా అంటే ఎక్కువ పని చేస్తుందని కాదు.

ఇప్పుడు చెప్పండి, ఆ గిన్నెలో కుదురుకీ, మీ నెత్తి మీద కుదురుకీ తేడా ఏమిటి?

చర్మం! గిన్నెలో కుదురు పెప్టైడ్ ద్రవంలో మునిగి ఉంది. మీ కుదురు నాలుగు మిల్లీమీటర్ల లోతులో ఉంది, పైన చర్మం కాపలా కాస్తోంది. చర్మం పని అదే కదా, బయటివాటిని లోపలికి రానివ్వకపోవడం. చర్మం దాటాలంటే అణువు బరువు 500 డాల్టన్ల లోపు ఉండాలని మాకు ఒక మోటు లెక్క ఉంది. జీహెచ్‌కే 340, రాగితో కలిసి 400 చిల్లర. ఇది చూపించి, "చూశారా, సులువుగా దూరిపోతుంది" అంటారు. బరువు ఒక్కటే చూస్తే సరిపోతుందా? చర్మం పై పొర కొవ్వుమయం. ఈ పెప్టైడ్‌కి నీళ్లంటే ప్రీతి, కొవ్వంటే గిట్టదు. అందుకని బరువు తక్కువైనా లోపలికి వెళ్లేది కొంచెమే. కుదురు నోరు పక్కనుంచి జారి కొంత దిగుతుంది, అదొక దారి. అసలు దిగదని అనను. మీరు రాసినదాంట్లో ఎక్కువ భాగం పైనే ఉండిపోతుందని అంటున్నాను.

సరే, గిన్నెలు వదిలేద్దాం, ఎలుకలు వదిలేద్దాం. మనుషుల మీద ఏముంది? ఇక్కడికొచ్చేసరికి మేం గొంతు తగ్గిస్తాం. 2016లో వచ్చిన ఒక అధ్యయనం ఉంది. 45 మంది మగవాళ్లు, ఆరు నెలలు. ఫలితం బాగుందనే రాశారు. అయితే వాళ్లు వాడింది జీహెచ్‌కేని 5-అమైనోలెవులినిక్ ఆసిడ్ అనే ఇంకో పదార్థంతో కలిపి. మీ నీలి సీసా వేరు, అది వేరు. ఫలితం ఎవరి ఖాతాలో వెయ్యాలి?

దీని పక్కన మిగతావాటిని పెట్టి చూడండి. నెత్తికి రాసే మినాక్సిడిల్ అనే మందు 5 శాతం ఉన్నదాన్ని 2 శాతం దానితోనూ, మందు లేని ద్రవంతోనూ పోల్చిన అధ్యయనం 2002లో వచ్చింది. 393 మంది, 48 వారాలు. ఫినాస్టరైడ్ అనే బట్టతల మాత్ర మీద 1998లో వచ్చినదాంట్లో 1553 మంది, రెండేళ్లు. వెంట్రుకలు లెక్కపెట్టి, ఫొటోలు తీసి, ఎవరు ఏం వాడుతున్నారో డాక్టర్లకి కూడా తెలియకుండా చేసిన పనులు అవి. కాపర్ పెప్టైడ్‌కి అంత పెద్ద పరీక్ష ఎవరూ పెట్టలేదు. పరీక్ష రాయని పిల్లవాణ్ని ఫెయిలయ్యాడని అనకూడదు, ఒప్పుకుంటాను. ఫస్టు వచ్చాడని కూడా అనకూడదు కదా!

ఇందాక పక్కన పెట్టిన ప్రశ్న. 20 ఏళ్ల కుర్రాడికి ఎందుకు రాలుతోంది?

వంశపారంపర్యంగా వచ్చే బట్టతలలో నడిపించేది డీహెచ్‌టీ అనే హార్మోన్. టెస్టోస్టెరాన్ నుంచి, 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ వల్ల తయారవుతుంది. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే ఆయన, యవ్వనానికి ముందే వృషణాలు పోయిన మగవాళ్లకి బట్టతల రావడం లేదని గమనించి రాశారు. అక్కడ మొదలైంది ఈ కథ. డీహెచ్‌టీకి లొంగే కుదుళ్లు నుదుటి దగ్గర, మాడు మీద ఉంటాయి. వెంట్రుక రాలి మళ్లీ మొలిచే ఒక్కో విడతకీ ఆ కుదురు కాస్త చిన్నదవుతుంది. లావు వెంట్రుక సన్నబడుతుంది, తర్వాత నూగులా వస్తుంది, తర్వాత అదీ కనిపించదు. చెవుల మీద, వెనక మెడ దగ్గర కుదుళ్లు లొంగవు, అందుకే అక్కడ జుట్టు చివరిదాకా ఉంటుంది. జుట్టు మార్పిడి చేసేవాళ్లు తీసుకునేది ఆ జుట్టే.

మరి కాపర్ పెప్టైడ్ డీహెచ్‌టీని ఆపుతుందా? ఆపుతుందని మీరు చదివారు. ముందు వరసలో బాబు తల ఊపుతున్నాడు. ఆ మాట ఎక్కణ్ణించి పుట్టిందో చెప్పనా? 1995లో ప్రయోగశాలలో లోహపు అయాన్ల మీద పని చేస్తే, రాగి అయాన్లు 5-ఆల్ఫా రిడక్టేజ్‌ని అడ్డుకున్నాయి. అంతవరకు నిజం. కానీ ఆ ఎంజైమ్‌లో రకాలున్నాయి. అయాన్లు అడ్డుకున్నది ఒకటో రకాన్ని, అది చర్మంలో నూనె గ్రంథుల దగ్గర ఎక్కువ. బట్టతలకి ముఖ్యమైనది రెండో రకం. ఫినాస్టరైడ్ పని చేసేది రెండో రకం మీద, రక్తంలో డీహెచ్‌టీని మూడింట రెండు వంతుల దాకా తగ్గిస్తుంది. సైన్సులో ఒక వాక్యం నిజం కావచ్చు. దాన్ని సీసా మీద అచ్చువేసేసరికి, ఎంజైమ్ రకం ఏదో రాలిపోతుంది, ప్రయోగం గిన్నెలో జరిగిందన్న సంగతి రాలిపోతుంది. మిగిలేది "డీహెచ్‌టీని అడ్డుకుంటుంది" అన్న రెండు ముక్కలు.

ఇప్పుడు అర్థమైంది కదా పీటల మీద కూర్చోబెట్టొద్దని ఎందుకన్నానో. కుదురు చిన్నదైపోతూ ఉంటుంది. అది తొందరగా పట్టుకుంటే ఆగుతుంది, కొంత వెనక్కి వస్తుంది. ఆలస్యమైతే రాదు. ఈ సీరమ్ రాసుకుంటూ ఏడాదో రెండేళ్లో గడిపేసి, అప్పుడు నా దగ్గరికొచ్చే వాళ్లని చూస్తే బాధేస్తుంది. సీరమ్ వాళ్లకేం కీడు చెయ్యలేదు. పోయింది కాలం.

ఇంకో సంగతి. అసలు మీకు రాలుతున్నది ఏ రకమో తెలుసా? పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషన్, ఉన్నట్టుండి బాగా బరువు తగ్గడం, ఇలాంటివి జరిగిన రెండు మూడు నెలలకి జుట్టు గుప్పెళ్లతో ఊడుతుంది. టెలోజెన్ ఎఫ్లువియమ్ అంటాం. జనం తెగ టెన్షన్ పడిపోతారు. అదేమో చాలామందిలో ఆరు నెలల్లో తనంత తానే సర్దుకుంటుంది. ఇప్పుడు చూడండి తమాషా. రాలడం మొదలైన నెలకి మీరు సీరమ్ కొంటారు. మూడు నెలలు రాస్తారు. ఈలోగా అది ఎలాగూ తగ్గాల్సిందే, తగ్గుతుంది. ఎవరికి పేరొచ్చింది? సీరమ్‌కి! మీరు పదిమందికి చెబుతారు, నిజాయితీగానే చెబుతారు. ఈ సీరమ్‌ల మంచిపేరులో ఎంత భాగం ఇలా వచ్చిందో అని నాకు అనుమానం.

ఐరన్ నిల్వలు తగ్గినా, థైరాయిడ్ తేడా వచ్చినా రాలుతుంది. ఇవి రక్తపరీక్షలో తెలుస్తాయి. నాణెమంత మేర గుండ్రంగా ఊడితే అది పేనుకొరుకుడు, దాని వైద్యం పూర్తిగా వేరు. నెత్తి మంట, నొప్పి, పొలుసులు, చర్మం మచ్చ కట్టి నున్నగా మెరవడం, వీటిల్లో ఏది కనిపించినా సీరమ్ గీరమ్ పక్కనబెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మచ్చ కట్టిన చోట కుదురు చచ్చిపోతుంది, తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇక వాడకం. రకం తెలిసింది, వంశపారంపర్యంగా వచ్చిందే అనుకుందాం. ముందు అసలు మందు ఒకటి కుదుర్చుకోవాలి. మినాక్సిడిల్ అందరికీ తెలిసిందే. అది మొదట్లో బీపీ మాత్ర. మింగినవాళ్లకి ఒళ్లంతా వెంట్రుకలు పెరుగుతున్నాయని చూసి నెత్తికి రాసే మందుగా చేశారు, 1988లో అమెరికాలో అనుమతి వచ్చింది. మగవాళ్లయితే ఫినాస్టరైడ్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి. కొద్దిమందిలో లైంగిక సమస్యలు వస్తాయి, ఆ మాట దాచకుండా మాట్లాడుకుని నిర్ణయించుకోవాలి. గర్భిణులు ఆ మాత్ర అసలు వాడకూడదు, విరిగిన మాత్రని ముట్టుకోవడం కూడా వద్దు.

అసలు మందు కుదిరాక, నాలుగైదు నెలలు దాన్నే వాడండి. దాన్ని ఒక్కదాన్నే. ఇక్కడే ఎవరూ నా మాట వినరు. ఒకే రోజు మినాక్సిడిల్, కాపర్ పెప్టైడ్, రెండు రకాల షాంపూలు, నెత్తిని గుచ్చే సూదుల రోలర్ మొదలుపెడతారు. మూడో వారంలో నెత్తి ఎర్రబడి దురద పెడుతుంది. ఏది పడలేదు? ఎవరికి తెలుసు? లేదా ఆరు నెలలకి జుట్టు బాగుపడుతుంది. ఏది పని చేసింది? ఎవరికి తెలుసు? ఇక జన్మంతా అయిదూ కొంటూ ఉండాలి, ఏది మానేస్తే ఏమవుతుందో అని భయం.

ఇంకో మాట, మినాక్సిడిల్ మొదలెట్టిన తొలి వారాల్లో కొందరికి రాలడం పెరుగుతుంది. పాత వెంట్రుకలు ఖాళీ చేసి కొత్తవాటికి చోటిస్తాయి. కంగారుపడి ఆపెయ్యకండి. సరిగ్గా అప్పుడే కాపర్ పెప్టైడ్ కూడా మొదలుపెట్టి ఉంటే, నింద దాని మీద పడుతుంది, పాపం. ఇందాక ఊరికే పేరొచ్చింది, ఇప్పుడు ఊరికే నింద.

ఆ నాలుగైదు నెలలూ గడిచాక, మీకు ఇంకా మనసుంటే, కాపర్ పెప్టైడ్ చేర్చండి. రోజుకి ఒక్కసారి చాలు. తల ఆరాక, జుట్టుకి కాదు, పాపిడి తీసి చర్మానికి తగిలేలా కొన్ని చుక్కలు. మినాక్సిడిల్‌తో ఒకే సీసాలో కలపొద్దు, ఒకేసారి ఒకదాని మీద ఒకటి పొయ్యొద్దు. ఒకటి రాత్రి రాస్తే ఇంకోటి పొద్దున. మినాక్సిడిల్ రెండు పూటలా వాడేవాళ్లు అది పూర్తిగా ఆరిపోయాక, కొన్ని గంటలు ఆగి ఇది రాసుకోండి. మినాక్సిడిల్‌కి నాలుగు గంటలైనా నెత్తి మీద ఉండే అవకాశం ఇవ్వాలి. ఎప్పుడూ మొదటి మర్యాద దానికే.

రాగి పెప్టైడ్‌కి పడనివి కొన్ని ఉన్నాయి. విటమిన్ సి, అంటే ఆస్కార్బిక్ ఆసిడ్ సీరమ్, రాగి అయాన్ రూపాన్ని మార్చేస్తుంది, దాంతో ఆ జంట విడిపోతుంది, విటమిన్ సి కూడా చెడిపోతుంది. నెత్తికి రాసే గట్టి ఆమ్లాలు, గ్లైకోలిక్ ఆసిడ్ లాంటివి, పీహెచ్ బాగా పడేస్తాయి. అప్పుడు పెప్టైడ్ రాగిని వదిలేస్తుంది. ఇంకోటి ఈడీటీఏ. చాలా ఉత్పత్తుల్లో నిల్వ కోసం వేస్తారు, దాని పనే లోహపు అయాన్లని లాక్కోవడం. జీహెచ్‌కే చేతిలోంచి రాగిని గుంజుకుంటుంది. కాపర్ పెప్టైడ్ సీరమ్‌లోనే ఈడీటీఏ ఉంటే, తయారుచేసినవాళ్లకి ఏం తెలుసని నవ్వుకుంటాను.

లేబుల్ దగ్గరికి వచ్చాం కాబట్టి చెబుతాను. జీహెచ్‌కే రాగితో ఉంటే కాపర్ ట్రైపెప్టైడ్-1 అని రాసి ఉంటుంది. ఉత్త ట్రైపెప్టైడ్-1 అని ఉంటే అందులో రాగి లేదు. కాపర్ గ్లూకోనేట్ అని ఉంటే రాగి ఉంది, పెప్టైడ్ లేదు. ఈ మూడింటినీ ఒకే బొమ్మతో అమ్మేస్తారు. జాబితాలో అది ఎక్కడుందో చూడండి, సువాసనల తర్వాత ఆఖర్న ఉందా? 1 శాతం అంటే మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములు. ఇందాక గిన్నెలో పని చేసిన మోతాదు గుర్తుందా? దాని పక్కన ఇది చాలా ఎక్కువ. కాబట్టి 1 కాకుండా 3 శాతం ఉందని మురిసిపోకండి. నీలం రంగు ఆకుపచ్చకో గోధుమకో తిరిగితే పారెయ్యండి.

ఫలితం ఎలా చూడాలి? దువ్వెనలో వెంట్రుకలు లెక్కపెట్టకండి, పిచ్చెక్కుతుంది. రోజుకి 50 నుంచి 100 రాలడం మామూలే, తలస్నానం చేసిన రోజు ఇంకా ఎక్కువ కనిపిస్తాయి. ఫొటో తియ్యండి. అదే గది, అదే లైటు, అదే పాపిడి, జుట్టు పొడిగా, నెలకొకటి. ఆరు నెలలకి మొదటిదీ చివరిదీ పక్కపక్కన పెట్టి, మీరు కాకుండా ఇంకొకరికి చూపించి, ఏది ముందు ఏది తర్వాత అని అడగండి. వాళ్లు చెప్పలేకపోతే తేడా లేనట్టే. మన కళ్లు డబ్బు పెట్టినవైపు మొగ్గుతాయి.

సూదుల రోలర్ సంగతి చాలామంది చీటీల్లో రాశారు. 2013లో వచ్చిన అధ్యయనంలో 100 మంది మగవాళ్లని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మినాక్సిడిల్ ఒక్కటే, ఇంకో జట్టుకి దానితో పాటు వారానికోసారి 1.5 మిల్లీమీటర్ల సూదులు. 12 వారాలకి, లెక్కపెట్టిన చోట సగటున సూదుల జట్టులో 91 వెంట్రుకలు పెరిగాయి, ఒంటి మినాక్సిడిల్ జట్టులో 22. మంచి ఫలితమే. అది చూసి, సూదులతో గుచ్చి వెంటనే కాపర్ పెప్టైడ్ పోస్తే లోపలికి దిగిపోతుంది కదా అనుకుంటున్నారు. దిగుతుంది. దానితో పాటు సీసాలోని సువాసన, నిల్వ పదార్థం కూడా దిగుతాయి. చర్మం పై పొర మీద ఉండాలని చేసిన ద్రవం అది, రక్తం తగిలే చోటికి పంపాలని చేసింది కాదు. ఆ అధ్యయనంలో కూడా గుచ్చిన రోజు మినాక్సిడిల్ రాయలేదు, ఒక రోజు ఆగారు. మీరూ ఆగండి.

ఇంక పొడి సీసాలు తెప్పించుకుని, కలుపుకుని, ఇంజెక్షన్ చేసుకునేవాళ్లు. "పరిశోధనకి మాత్రమే" అని దాని మీదే రాసి ఉంటుంది. మీరు పరిశోధకులా, ఎలుకలా? దాని గురించి ఇంతకంటే మాట్లాడను.

రాగి మాత్రలు మింగొచ్చా అని కూడా ఒక చీటీ ఉంది. రాగి లోపం వల్ల జుట్టు పాడయ్యే మాట నిజమే. మెంకీస్ అని పుట్టుకతో వచ్చే జబ్బు ఉంది, 1962లో వర్ణించారు. ఒంట్లో రాగి రవాణా సరిగా జరగదు, ఆ పిల్లల జుట్టు మెలికలు తిరిగి పెళుసుగా విరిగిపోతుంది. కానీ అది చాలా అరుదు, తీవ్రమైన జబ్బు. మామూలుగా తినేవాళ్లకి రాగి లోపం రావడమే తక్కువ. లోపం లేనివాళ్లు మాత్రలు మింగితే వికారం, కడుపునొప్పి, మోతాదు మించితే కాలేయానికి దెబ్బ. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బు ఉన్నవాళ్లయితే సీరమ్ విషయంలో కూడా ముందు డాక్టర్‌ని అడగాలి.

సరే, చాలాసేపు నేనే మాట్లాడాను. అడగండి.

(ప్రశ్న: బిడ్డకి పాలిచ్చే తల్లులు వాడొచ్చా?)

కాన్పు తర్వాత రాలేది చాలావరకు ఇందాక చెప్పిన రకమే అమ్మా, తనంత తానే తగ్గుతుంది. తగ్గబోయేదానికి సీరమ్ ఎందుకు? గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు దీన్ని ఎవరూ పరీక్షించలేదు. మినాక్సిడిల్ కూడా ఆ కాలంలో వద్దంటాం. ఐరన్, థైరాయిడ్ చూపించుకోండి, కాస్త ఓపిక పట్టండి. ఏడాది దాటినా తగ్గకపోతే రండి, అప్పుడు చూద్దాం.

(ప్రశ్న: మినాక్సిడిల్ నాకు పడలేదు, దురద, పొలుసులు. దాని బదులు ఇది వాడొచ్చా?)

మంచి ప్రశ్న. పడనిది మినాక్సిడిలేనా, దాన్ని కరిగించిన ప్రొపిలీన్ గ్లైకాలా? చాలామందికి పడనిది రెండోదే. నురగ రూపంలో వచ్చే మినాక్సిడిల్‌లో సాధారణంగా అది ఉండదు. ముందు అది మార్చి చూడండి. మినాక్సిడిలే పడకపోతే వేరే దారులున్నాయి, డాక్టర్ చెబుతారు. "బదులు" అని మాత్రం కాపర్ పెప్టైడ్‌ని అనుకోకండి. ఇంకోటి, మీకు దురద తగ్గకముందే, ఆ ఎర్రబడిన నెత్తి మీద ఇది రాయకండి.

(ప్రశ్న: రెండేళ్లుగా రెండూ వాడుతున్నాను, బాగానే ఉంది. ఇప్పుడు ఒకటి ఆపాలంటే ఏది ఆపాలి?)

కాపర్ పెప్టైడ్ ఆపండి. మినాక్సిడిల్ ఆపితే, దాని వల్ల నిలిచిన జుట్టు కొన్ని నెలల్లో పోతుంది, అది అందరికీ తెలిసిన సంగతి, ఆ ప్రయోగం మీ నెత్తి మీద చెయ్యక్కర్లేదు. సీరమ్ ఆపేరోజు ఒక ఫొటో తియ్యండి. ఆరు నెలల తర్వాత ఇంకోటి. తేడా వస్తే మళ్లీ మొదలుపెట్టండి, నాకు కూడా ఆ ఫొటోలు తెచ్చి చూపించండి. రాకపోతే, ఆ డబ్బుతో ఏం చేస్తారో మీ ఇష్టం.